బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చిందని మంత్రి పదవి వదిలేసిన వి.వి.గిరి: అసలు మధ్యవర్తి తీర్పుపై కోత పెట్టే హక్కు ఎవరిది?

వి.వి.గిరి అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే 1969 రాష్ట్రపతి ఎన్నిక గురించి, ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్న సంగతి గురించి చెబుతారు. గ్రూప్స్‌కు చదివేవాళ్లకు నాలుగో రాష్ట్రపతి అనీ, 1975లో భారతరత్న అందుకున్నారనీ గుర్తుంటుంది. 1954 ఆగస్టులో జరిగిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అప్పుడు ఆయన కేంద్ర కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును తాను సభ్యుడిగా ఉన్న ప్రభుత్వమే మార్చేస్తే, ఆ పదవిలో కొనసాగలేనని రాజీనామా చేశారు.

డెబ్బై ఏళ్ల కిందటి ఈ గొడవ మీకెందుకంటే, ఆ రోజు లేచిన ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. మీరో, మీ ఇంట్లో ఒకరో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలోనో, పోస్టాఫీసులోనో, రైల్వేలోనో పనిచేస్తుంటే అది నేరుగా మీ జీతం గురించిన ప్రశ్న. అలాంటి ఉద్యోగం లేకపోయినా, ఆ జీతాలు మీరు కట్టే పన్నుల నుంచే వెళ్తాయి కాబట్టి మీకూ సంబంధం ఉంది.

ముందు ఆ ప్రశ్న ఏమిటో చూద్దాం.

ఒప్పుకుని కూర్చున్నాక కాదనొచ్చా?

ఊళ్లో అన్నదమ్ములు పొలం పంచుకోవడానికి పెద్దమనుషుల ముందు కూర్చున్నారనుకోండి. ఏం తేల్చినా ఒప్పుకుంటామని ఇద్దరూ ముందే మాట ఇస్తారు. కట్టుబడి తీరాల్సిన మధ్యవర్తిత్వం, అంటే బైండింగ్ ఆర్బిట్రేషన్, దాదాపు ఇలాంటిదే. జీతం ఎంత పెంచాలన్న దానిపై యాజమాన్యానికీ యూనియన్‌కూ కుదరనప్పుడు మూడో వ్యక్తి లెక్కలు చూసి తీర్పు చెబుతారు. దాన్ని అవార్డు అంటారు. అది రెండు పక్షాలకూ శాసనం.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ ఇద్దరిలో ఒకరు ప్రభుత్వం అయినప్పుడు. పెద్దమనిషి తీర్పు నచ్చకపోతే తమ్ముడు చేయగలిగిందేమీ లేదు. అన్న చేతిలో మాత్రం చట్టం రాసే కలం ఉంది. ఖజానా తాళంచెవీ ఉంది. తీర్పు భారం మోయలేమనో, మిగతా జనానికి అన్యాయం జరుగుతుందనో చెప్పి దాన్ని తగ్గించవచ్చా? తగ్గిస్తే అసలు ఆ పంచాయితీ ఎందుకు పెట్టినట్టు?

ఈ ప్రశ్నకు రెండు వైపులా నిలబడిన అనుభవం గిరిది. యూనియన్ నాయకుడిగా, మంత్రిగా, చివరికి రాష్ట్రపతిగా.

బరంపురం నుంచి డబ్లిన్‌కు

వరాహగిరి వేంకట గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశాలో ఉంది. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. కొడుకునూ అదే వృత్తిలోకి తేవాలని లా చదువుకు పంపారు. మన నాయకులు చాలామంది లండన్ వెళ్తే, గిరి 1913లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్ వెళ్లారు.

అది మామూలు సంవత్సరం కాదు. 1913 ఆగస్టులో డబ్లిన్‌లో పెద్ద లాకౌట్ మొదలైంది. యూనియన్‌లో ఉండబోమని సంతకం పెట్టని కార్మికులను యజమానులు గేటు బయటే నిలబెట్టారు. వేల కుటుంబాలు నెలల తరబడి ఆకలితో గడిపాయి. 1914 మొదట్లో కార్మికులు ఓడిపోయి పనిలోకి వెళ్లారు. యూనియన్ నాయకుల్లో ఒకరైన జేమ్స్ కానొలీ ప్రభావం గిరిపై గట్టిగా పడింది. బేరమాడే హక్కు లేని కార్మికుడి గతి ఏమిటో ఆయన ఆ ఊళ్లో కళ్లారా చూశారు.

1916 ఈస్టర్ తిరుగుబాటును బ్రిటిష్ సైన్యం అణచివేసింది. కానొలీని కాల్చి చంపారు. ఐరిష్ జాతీయవాదులతో సంబంధాలున్నాయన్న అనుమానంపై గిరిని దేశం వదిలి వెళ్లమన్నారు. అదే ఏడాది ఆయన ఇంటికి చేరుకుని బరంపురంలో ప్రాక్టీసు పెట్టారు. సహాయ నిరాకరణ ఉద్యమం వచ్చాక నడుస్తున్న ప్రాక్టీసును వదిలేశారు. జైలుకు వెళ్లారు.

ఆ తర్వాత ఆయన జీవితమంతా రైలు పట్టాల చుట్టూ తిరిగింది. 1920ల్లో అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య, అంటే ఏఐఆర్‌ఎఫ్, వ్యవస్థాపకుల్లో గిరి ఒకరు. చాలా ఏళ్లు దాని ప్రధాన కార్యదర్శి. ఖరగ్‌పూర్ కేంద్రంగా ఉన్న బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా జరిగిన సమ్మెను నడిపించారు. ఏఐటీయూసీకి రెండుసార్లు అధ్యక్షుడయ్యారు. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సదస్సుకు, 1931లో లండన్‌లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల తరఫున వెళ్లారు.

1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించి మద్రాసు శాసనసభకు వెళ్లారు. జస్టిస్ పార్టీ పెద్ద తలకాయను ఆయన సొంత గడ్డపైనే ఓడించడం అప్పట్లో సంచలనం. రాజాజీ మంత్రివర్గంలోనూ, 1946లో ప్రకాశం మంత్రివర్గంలోనూ కార్మిక శాఖ చూశారు. స్వాతంత్ర్యం వచ్చాక కొన్నేళ్లు సిలోన్‌లో హైకమిషనర్‌గా ఉన్నారు. 1952 ఎన్నికల్లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. నెహ్రూ ఆయనకు కార్మిక శాఖ ఇచ్చారు.

మధ్యవర్తి తీర్పులంటే ఇష్టం లేని మంత్రి

ఇక్కడ మీకొక ఆశ్చర్యం. కార్మికుల మనిషి కదా, జీతాలు పెంచే ట్రిబ్యునళ్లంటే గిరికి ఇష్టమేమో అనుకుంటాం. కానీ ఆయన వాటికి వ్యతిరేకి.

1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, తగాదా ముదిరితే ప్రభుత్వమే దాన్ని ట్రిబ్యునల్‌కు పంపవచ్చు. రెండు పక్షాలూ ఒప్పుకోవాల్సిన పనిలేదు. ఆ తీర్పు ఇద్దరికీ శిరోధార్యం. ఈ బలవంతపు తీర్పుల వల్ల యూనియన్లు బలపడవని గిరి వాదన. ఎదురెదురుగా కూర్చుని బేరమాడి కుదుర్చుకున్న ఒప్పందమే నిలుస్తుందని, కోర్టులో ఓడిన పక్షం మళ్లీ అవకాశం కోసం కాచుకు కూర్చుంటుందని ఆయన నమ్మారు. 1952 అక్టోబరులో నైనితాల్‌లో జరిగిన భారత కార్మిక సదస్సు ముందు ఈ ఆలోచనే పెట్టారు. కార్మిక చరిత్ర పుస్తకాల్లో దీనికి గిరి అప్రోచ్ అనే పేరు స్థిరపడింది.

ఆ ఆలోచన నెగ్గలేదు. పంచవర్ష ప్రణాళిక అప్పుడే మొదలైంది. సమ్మెలొస్తే ఉత్పత్తి ఆగిపోతుందన్న భయం ప్రభుత్వంలో ఉంది. చట్టాన్ని తనకు నచ్చినట్టు మార్చలేకపోయిన గిరి, తనకు నచ్చని చట్టాన్నే అమలు చేసే మంత్రిగా కొనసాగారు.

ఐదేళ్లు నానిన ఫైలు

బ్యాంకు ఉద్యోగుల తగాదా గిరి మంత్రి కాకముందే మొదలైంది. ఒక మాట గుర్తుంచుకోండి. అప్పట్లో రిజర్వు బ్యాంకు తప్ప దాదాపు బ్యాంకులన్నీ ప్రైవేటువే. గుమస్తాల జీతాలు ఒక్కో బ్యాంకులో ఒక్కోలా, ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉండేవి. దేశమంతటికీ ఒకే పద్ధతి కావాలని సంఘాలు అడిగాయి. 1949లో కేంద్రం సేన్ ట్రిబ్యునల్‌ను వేసింది. 1950లో తీర్పు వచ్చింది. దాన్ని 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అదీ జీతాలు ఎక్కువనో తక్కువనో కాదు. ట్రిబ్యునల్ సభ్యులంతా కలిసి కూర్చుని విచారించలేదన్న సాంకేతిక కారణంపై.

మళ్లీ మొదటికొచ్చింది కథ. 1952లో మద్రాసు హైకోర్టు మాజీ న్యాయమూర్తి పంచాపకేశ శాస్త్రి ఆధ్వర్యంలో కొత్త ట్రిబ్యునల్ ఏర్పడింది. 1953లో అవార్డు వచ్చింది. బ్యాంకుల్లో ఇప్పటికీ పాతకాలం వాళ్లు శాస్త్రి అవార్డు అని తలుచుకునేది దీన్నే. దానిపై రెండు వైపులా అప్పీళ్లు వెళ్లాయి. 1954 ఏప్రిల్‌లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ తుది నిర్ణయం చెప్పింది.

ఉద్యోగులు హమ్మయ్య అనుకున్నారు. కానీ చట్టంలో ఒక కిటికీ తెరిచే ఉంది. అప్పిలేట్ ట్రిబ్యునల్ నిర్ణయాన్ని అమలు చేయడం ప్రజాప్రయోజనాల రీత్యా తగదని ప్రభుత్వం భావిస్తే, ఒక ఉత్తర్వుతో దాన్ని తిరస్కరించవచ్చు, మార్చవచ్చు. 1954 ఆగస్టు 24న ప్రభుత్వం ఆ కిటికీలోంచే చేయి పెట్టింది.

ప్రభుత్వ వాదనను తేలిగ్గా తీసేయకూడదు. అప్పటి బ్యాంకింగ్ రంగం ఇప్పటిలా లేదు. తిరువాంకూరు-కొచ్చి లాంటి చోట్ల చిన్న చిన్న బ్యాంకులు కుప్పలు తెప్పలుగా ఉండేవి. డిపాజిట్లకు బీమా లేదు. బ్యాంకు మూతపడితే జనం డబ్బు గోవిందా. పెద్ద నగరంలో పెద్ద బ్యాంకు మోయగల జీతాన్ని చిన్న పట్నంలోని చిన్న శాఖ మోయలేదని, శాఖలు మూసేస్తే పల్లెలకు బ్యాంకే అందదని ఆర్థిక శాఖ వైపు భయం. అందుకే కోత ముఖ్యంగా చిన్న ఊళ్లపైనా, బలహీనమైన బ్యాంకులపైనా దృష్టి పెట్టింది.

గిరి బాధ వేరే చోట ఉంది. ఉద్యోగులను సమ్మెకు వెళ్లనీయకుండా ట్రిబ్యునల్‌కు పంపింది ప్రభుత్వమే. ఐదేళ్లు తిప్పింది ఆ యంత్రాంగమే. బ్యాంకుల లెక్కలు, చెల్లించే శక్తి అన్నీ ట్రిబ్యునల్ ముందు వాదనకు వచ్చినవే. అంతా అయ్యాక, కార్మిక మంత్రి అభిప్రాయాన్ని కూడా కాదని కేబినెట్ దాన్ని మార్చింది. బలవంతపు తీర్పులను నమ్మని మనిషి, తీర్పు వచ్చాక దానికి కట్టుబడాలని పదవి వదులుకోవడం పైకి విడ్డూరంగా కనిపిస్తుంది. నాకైతే అందులో తిరకాసు కనిపించదు. సమ్మె చేయొద్దని చెప్పి పంచాయితీకి ఈడ్చుకొచ్చినవాడికే ఆ తీర్పును గౌరవించాల్సిన బాధ్యత ఎక్కువ. ఆయన లెక్క అదే అయ్యుంటుంది.

రాజీనామా ఆమోదం పొందింది. ఖండూభాయ్ దేశాయ్ కార్మిక మంత్రి అయ్యారు.

గెజిట్ నుంచి పార్లమెంటుకు

ఆ తర్వాత జరిగింది ఆసక్తికరం. ఉద్యోగుల నిరసన, మంత్రి రాజీనామా కలిసి ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టాయి. ఈ కోత సబబేనా అని తేల్చడానికి బ్యాంక్ అవార్డు కమిషన్ వేశారు. మొదట నియమితులైన జస్టిస్ రాజాధ్యక్ష మధ్యలోనే మరణించారు. జస్టిస్ గజేంద్రగడ్కర్ పని పూర్తి చేసి 1955లో నివేదిక ఇచ్చారు. అప్పిలేట్ ట్రిబ్యునల్ నిర్ణయాన్ని కొన్ని మార్పులతో అమలు చేయాలని చెప్పారు. దాన్ని పార్లమెంటు అదే ఏడాది చట్టం చేసింది.

తేడా గమనించారా? 1954లో కోత గెజిట్‌లో వచ్చిన ఒక ఉత్తర్వు. 1955లో అదే విషయం న్యాయమూర్తి విచారణ తర్వాత, సభలో చర్చ తర్వాత వచ్చిన చట్టం. కొన్ని కోతలు మిగిలే ఉన్నాయి. అయితే ఎందుకు మిగిలాయో కాగితం మీద కారణం ఉంది.

గిరికి వ్యక్తిగతంగా మాత్రం కలిసిరాలేదు. 1957లో పార్వతీపురం నుంచి ఓడిపోయారు. అది జనరల్ సీటు, ఎస్టీ రిజర్వుడు సీటు కలిసిన ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఎస్టీ అభ్యర్థి డిప్పల సూరి దొరకు గిరి కంటే ఎక్కువ ఓట్లు రావడంతో జనరల్ సీటు ఆయనకే దక్కింది. అలా దక్కవచ్చా అని గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయారు. లా విద్యార్థులు ఇప్పటికీ ఆ కేసు చదువుతారు. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నర్‌గా పనిచేసి, 1967లో ఉప రాష్ట్రపతి అయ్యారు.

ఈలోగా ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో ఒక మార్పు వచ్చింది. 1960 జులైలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు దేశవ్యాప్తంగా సమ్మె చేశారు. ప్రభుత్వం గట్టిగా అణచివేసింది. కానీ ఉద్యోగులతో మాట్లాడే శాశ్వత ఏర్పాటు ఒకటి లేకపోతే ఇది మళ్లీ మళ్లీ వస్తుందని అందరికీ అర్థమైంది. 1966లో జాయింట్ కన్సల్టేటివ్ మెషినరీ, జేసీఎం, మొదలైంది. బ్రిటన్‌లోని విట్లీ కౌన్సిళ్లు దీనికి నమూనా. మీకు తెలిసిన కేంద్ర ఉద్యోగి ఎవరైనా స్టాఫ్ సైడ్ అనే మాట వాడితే అది ఇక్కడిదే.

ఈ పథకంలో మన ప్రశ్నకు నేరుగా జవాబు రాసి పెట్టారు. చర్చల్లో కుదరకపోతే ఒక తరగతి లేదా గ్రేడు ఉద్యోగుల జీతభత్యాలు, వారపు పని గంటలు, సెలవులు అనే మూడింటిపై మాత్రం తప్పనిసరి మధ్యవర్తిత్వం ఉంటుంది. ఒక్కరి ప్రమోషన్ గొడవ, ఒక్కరి బదిలీ అక్కడికి వెళ్లవు. బోర్డులో ముగ్గురు. అధికారుల పక్షం ఇచ్చిన పేర్లలోంచి ఒకరు, ఉద్యోగుల పక్షం ఇచ్చిన పేర్లలోంచి ఒకరు, ఛైర్మన్‌గా స్వతంత్ర వ్యక్తి. తీర్పు ఇద్దరికీ శాసనమే. అయితే పార్లమెంటు అధికారానికి లోబడి. జాతీయ ఆర్థిక వ్యవస్థ లేదా సామాజిక న్యాయం దృష్ట్యా తీర్పును మార్చాలని ప్రభుత్వం అనుకుంటే, కారణాలతో ఉభయ సభల ముందు పెట్టాలి. సభలు తీర్మానం చేస్తేనే మార్పు.

ఇది గిరి రాజీనామా ఫలితమని చెప్పలేం. కానీ ఆయన పదవి వదిలిన చోటికీ దీనికీ ఉన్న దూరం చూడండి. కోత పెట్టే హక్కు పోలేదు. పోకూడదు కూడా. పార్లమెంటు అనుమతి లేకుండా సంచిత నిధి నుంచి పైసా తీయడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. ముగ్గురు మధ్యవర్తులు దేశ బడ్జెట్‌ను నిర్ణయించడం ఎవరికీ సమ్మతం కాదు. కాకపోతే కోత పెట్టేవాళ్లు సభలో నిలబడి, ఎందుకో చెప్పి, ఓటు వేయాలి. ఈ ఏర్పాటులో లోపం ఒకటుంది. సభ ముందుకు ఎప్పటిలోగా తేవాలన్న ఒత్తిడి పెద్దగా లేదు. అందుకే తీర్పులు ఏళ్ల తరబడి అమలు కాకుండా ఉండిపోతున్నాయని స్టాఫ్ సైడ్ ఫిర్యాదు. పెంపును కాదనకుండా నానబెట్టడం కూడా ఒక రకం కోతే.

ఒక సంతకం, ఒక సమ్మె

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మరణించారు. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్స్ ఆయన ముందుకొచ్చింది. సంతకం చేశారు. మర్నాడే రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి గెలిచారు.

ఆ ఎన్నిక రాజకీయం గురించి మీరు చాలా చదివి ఉంటారు. నేను చెప్పదలచుకుంది ఆ సంతకం గురించే. 1954లో బ్యాంకు గుమస్తాకు, ప్రైవేటు యజమానికి మధ్య తగాదాలో ప్రభుత్వం మూడో మనిషి. 1969 తర్వాత ప్రభుత్వమే యజమాని. పదిహేనేళ్ల కిందట ఎవరి కోసం పదవి వదులుకున్నారో, వాళ్లలో ఎక్కువ మందిని ప్రభుత్వ రంగ ఉద్యోగులుగా మార్చింది గిరి చేతి సంతకమే.

ఇంకో సంఘటన ఇంతకంటే చేదు. 1974 మే 8న దేశమంతా రైళ్లు ఆగిపోయాయి. లక్షల మంది రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. వాళ్ల నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్ ఏ సంస్థకు అధ్యక్షుడో తెలుసా? ఏఐఆర్‌ఎఫ్. యాభై ఏళ్ల కిందట గిరి నిలబెట్టిన సంఘం. వేలమందిని అరెస్టు చేశారు. క్వార్టర్ల నుంచి కుటుంబాలను వెళ్లగొట్టారు. 20 రోజుల తర్వాత సమ్మె ముగిసింది. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఖరగ్‌పూర్ సమ్మె నడిపించిన మనిషే. ఆ ఆగస్టులో ఆయన పదవీకాలం పూర్తయింది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

ఇప్పుడు పరిస్థితి ఏమిటి?

ట్రిబ్యునల్ అవార్డులను మార్చే అధికారం 1947 చట్టంలోని 17ఎ సెక్షన్‌లోనూ ఉండేది. అది చెల్లదని 1990ల్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తర్వాత మద్రాసు హైకోర్టు తేల్చాయి. న్యాయ విచారణ చేసి ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తన ఉత్తర్వుతో దిద్దడం అధికారాల విభజనకు విరుద్ధమన్నది సారాంశం. అయినా 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అదే అధికారానికి మళ్లీ చోటు దొరికింది. ప్రభుత్వం తానే ఒక పక్షంగా ఉన్న కేసులోనూ దాన్ని వాడుకోవచ్చన్నదే ఇందులో అసలు అభ్యంతరం.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే ఈ మాత్రం ఏర్పాటు కూడా లేదు. మన పీఆర్సీలు మధ్యవర్తులు కావు. సిఫార్సు చేస్తాయి, అంతే. 2021లో తెలంగాణలో బిశ్వాల్ కమిషన్ 7.5 శాతం ఫిట్‌మెంట్ చెబితే ప్రభుత్వం 30 శాతం ఇచ్చింది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో అశుతోష్ మిశ్రా కమిషన్ 27 శాతం చెబితే ప్రభుత్వం 23 శాతం ప్రకటించింది. ఫిబ్రవరి 3న ఉద్యోగులు విజయవాడ వీధులను నింపేశారు. ఎక్కువ ఇచ్చినా తక్కువ ఇచ్చినా, ఆ తేడాకు లెక్క చెప్పి శాసనసభ ఓటు తీసుకోవాల్సిన నిబంధన ఏదీ లేదు.

ఇక బ్యాంకు ఉద్యోగులు. శాస్త్రి అవార్డు తర్వాత 1962లో దేశాయ్ అవార్డు వచ్చింది. ఆ తర్వాత ట్రిబ్యునళ్ల దారి వదిలేశారు. 1966లో యూనియన్లూ, బ్యాంకుల యాజమాన్యాలూ ఎదురెదురుగా కూర్చుని మొదటి ద్వైపాక్షిక ఒప్పందం రాసుకున్నాయి. నైనితాల్‌లో గిరి అడిగిన పద్ధతి అదే. పన్నెండోది 2024 మార్చి 8న కుదిరింది, 17 శాతం పెంపుతో.